బిగించని నట్టు మీద గీత

తెల్ల కాగితపు రుమాలు మీద నీలం చుక్క కనబడగానే లవాన్ ఖాళీ కాఫీ కప్పు కింద పెట్టేసి వంగి చూసింది. విమానాల పెట్రోలు నీలంగా ఉంటుంది కాబట్టి ఎక్కడ కారినా దాక్కోలేదు. పొద్దున్న షెడ్డుకి వస్తూనే ఇంజను చుట్టూ ఉన్న ప్రతి అతుకు కిందా ఒక్కో రుమాలు మడిచి పెట్టి, పంపు వేసి, కాఫీ పూర్తయ్యేదాకా వదిలేసింది. మిగతావన్నీ పెట్టినవి పెట్టినట్టే తెల్లగా ఉన్నాయి. ఇంజనుకీ కూర్చునే గదికీ మధ్యనున్న ఇనుప రేకు దగ్గర, రబ్బరు గొట్టం నట్టు కింద పెట్టినది మాత్రం శనగగింజంత మేర తడిసింది.

"లీలండ్, ఒకసారి ఇలా రా" అంది.

లీలండ్ వోండ్రా షెడ్డు అవతలి మూల బల్ల దగ్గర మైలోతోనూ, విమానాల క్లబ్బు నుంచి వచ్చిన ఇద్దరితోనూ కబుర్లలో ఉన్నాడు. మైలో తెచ్చిన, ఆప్రికాట్ పళ్ళ గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెల పెట్టె బల్ల మీద తెరిచి ఉంది. పచ్చిక రన్‌వే పక్కనున్న ఈ రేకుల షెడ్డులో భార్యాభర్తలిద్దరూ పదకొండేళ్ళుగా కూడబలుక్కుని కడుతున్న రెండు సీట్ల విమానం ఇది. శనివారం ప్రభుత్వం తరఫున తనిఖీకి మనిషి వస్తోంది. సంతకం పడితే ఆదివారం పొద్దున్నే లీలండ్ దాన్ని మొదటిసారి గాల్లోకి లేపుతాడు. ఆ మాట నెలరోజులుగా ఊళ్ళో వినని చెవి లేదు.

లీలండ్ వచ్చి రుమాలు చూశాడు. ఇంజను కిందికి చెయ్యి పోనిచ్చి నట్టుని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అది తిరిగింది.

బల్ల దగ్గరివాళ్ళు ఇటు తిరిగారు. నట్టు వదులవడం పెద్ద వింతేం కాదు. దాని మీద నారింజరంగు గీత అప్పటిదాకా ఎక్కడా తెగకుండా ఉంది, అదీ వింత. ఇళ్ళల్లో విమానాలు కట్టుకునేవాళ్ళకి ఆ గీత ఒట్టేసినంత పని. పానాతో నట్టు బిగించాక, నట్టు మీంచి పక్క ముక్క మీదకి రంగుతో ఒక గీత గీస్తారు. అది ఎండి పెళుసవుతుంది. తర్వాత ఎప్పుడు నట్టు కదిలినా గీత తెగుతుంది. గీత నిండుగా ఉందంటే బిగించినవాడు బిగించినట్టే ఉందని లెక్క. ఇక్కడ గీత నిక్షేపంలా ఉంది, నట్టు వేళ్ళకే తిరిగింది. అంటే ఎవరో బిగించకుండానే గీసి పెట్టారు. "బిగించడం మర్చిపోతే అది మరుపు. బిగించకుండా గీత గీస్తే అది అబద్ధం" అని లీలండ్ క్లబ్బులో చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేవాడు. హైస్కూల్లో వెల్డింగు, వడ్రంగం నేర్పి రిటైరైన మనిషి కదా, చెప్పే పద్ధతి కూడా మేష్టారి పద్ధతే.

"ఈ నట్టు కింద ఏముందో తెలుసా?" అన్నాడు లీలండ్, ఎవరి వంకా చూడకుండా. "పొగ గొట్టం. ఇంజను నడుస్తుంటే కొలిమిలో ఇనుములా కాగి ఉంటుంది. ఆదివారం నేను పైనుండగా ఈ చుక్క దాని మీద పడితే నన్ను పట్టకారుతో ఏరుకోవాలి మీరు."

"ఊరుకో, తథాస్తు దేవతలుంటారు" అంది లవాన్.

"ఈ గొట్టం దగ్గర చెయ్యి పెట్టిందెవరు? మైలో, పట్టీ మార్చింది నువ్వే కదూ?"

మైలో క్రాట్కీ నోట్లో ఉన్నది మింగి, చేతులు దులుపుకుని వచ్చాడు. లీలండ్ ఈడువాడే. మొక్కజొన్న రైతు. కుర్రతనంలో లీలండే అతనికి విమానం నడపడం నేర్పాడు. గొట్టాన్ని ఇంజను చట్రానికి కట్టిన ప్లాస్టిక్ పట్టీలు అదురుకి రంపంలా కోసేస్తాయని, వాటిని తీసేసి రబ్బరు మెత్త ఉన్నవి వేసింది మైలోనే, రెండు వారాల కిందట.

"అవును, నేనే మార్చాను."

"పట్టీ కోసం నట్టు వదులు చేశావా?"

మైలో వంగి నట్టుని చూశాడు. తర్వాత లీలండ్‌ని చూశాడు. లవాన్ వైపు కూడా ఒక్క క్షణం చూశాడు. ఆ చూపు ఏమిటో ఆమెకి అప్పుడు తెలియలేదు.

"చేసుంటానురా" అన్నాడు.

"చేసుంటావా? వదులు చేసి, మళ్ళీ బిగించకుండా, నా గీతలాగే గీత గీసి పెట్టావా? ఒరేయ్, నేను చచ్చినా నీకు ఫర్వాలేదన్నమాట!"

"తప్పే."

"తప్పేమిటి తప్పు! కాఫీ ఒలికిందా ఏమన్నానా? నిన్ను నమ్మి కదరా నా ఇంజను మీద చెయ్యి వేయనిచ్చింది! నలభయ్యేళ్ళు తిండి పెట్టినా కుక్క..." అని, ఏమనుకున్నాడో ఆ మాట అక్కడితో ఆపాడు. "తాళంచెవి అక్కడ పెట్టు. మళ్ళీ ఈ షెడ్డులో అడుగు పెట్టకు."

క్లబ్బువాళ్ళిద్దరూ తమ బూట్లని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. మైలో జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. రింగు బిగుసుకుపోయింది. గోళ్ళు అరిగిన ఆ వేళ్ళతో దాన్ని విడదీయలేక అవస్థ పడ్డాడు. లవాన్ సాయం చెయ్యబోయి మళ్ళీ ఎందుకో ఆగింది. చివరికి తాళంచెవి ఊడింది. దాన్ని బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకున్నాడు.

"కొలాచీలు ఉన్నాయి, తినేయండి. రేపటికి ఎండిపోతాయి" అని వెళ్ళిపోయాడు.

అన్యాయంగా మాట పడ్డ మనిషి తల ఎత్తి వెళ్తాడా, దించుకుని వెళ్తాడా అంటే నేను చెప్పలేను. మైలో మాత్రం ఎప్పటిలాగే కొంచెం కుంటుతూ వెళ్ళాడు.

* * *

మర్నాడు బట్టలు ఉతకబోతూ లవాన్ లీలండ్ చొక్కా ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. పెట్టకపోతే ఉతికే మిషనులో బట్టలన్నీ నారింజరంగు పూసుకుంటాయి. గీత రంగు ట్యూబు ఎప్పుడూ ఆ జేబులోనే ఉంటుంది. ఇంకొకరి చేతికి ఇవ్వడు. "పళ్ళు తోముకునే బ్రష్షూ, గీత రంగూ ఎవరివి వాళ్ళవే" అంటాడు. ట్యూబు తీసి మిషను మీద పెట్టి, చొక్కా లోపల పడేసి, సబ్బుపొడి డబ్బా అందుకుని, అక్కడే నిలబడిపోయింది.

ఈ ట్యూబు మైలో చేతికి ఎప్పుడొచ్చింది?

రాలేదు. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. పోయిన గురువారం లీలండ్ ఆ గొట్టాన్ని పూర్తిగా ఊడదీశాడు, మంట తగలకుండా పైన వేసే మందపాటి తొడుగు ఎక్కించడానికి. మళ్ళీ బిగిస్తుంటే లైటు పట్టుకుంది తనే. నట్టు చేత్తో తిప్పి ఎక్కించాడు. పానా తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే మాంసం, చిక్కుడుగింజల చిల్లీ కూర చల్లారిపోతుందని, దాల్చినచెక్క రొట్టెలు వేడిగా ఉన్నాయని, తిని వచ్చి చూసుకోవచ్చు పదమని తనే తొందరపెట్టింది. పానా చేతిలో పట్టుకునే భోజనానికి వచ్చాడు. ప్లేటు పక్కన పెట్టుకుని తిన్నాడు. దాని గురించి నవ్వుకున్నారు కూడా. తిని వెళ్ళి జేబులోంచి ట్యూబు తీశాడు.

మైలో ఆ వారమంతా కోతల్లో ఉన్నాడు. షెడ్డు ఛాయలకే రాలేదు.

ఆమె సబ్బుపొడి వెయ్యకుండానే మిషను వేసేసి, కారు తీసింది.

మైలో పొలం నిండా మొక్కజొన్న దుమ్ము లేస్తోంది. కోత యంత్రం సాలు చివరకొచ్చాక ఆగింది. లవాన్ ఇనుప నిచ్చెన ఎక్కి, డ్రైవరు పక్కనున్న చిన్న సీట్లో ఇరుక్కుని కూర్చుంది. మైలో తలుపు వేసి యంత్రాన్ని మళ్ళీ కదిలించాడు. ముందర ఎండిన చొప్ప పటపటమంటూ విరిగి లోపలికి పోతోంది.

"ఆ నట్టు నువ్వు ముట్టుకోలేదు" అంది లవాన్.

"ముట్టుకున్నానని చెప్పాగా."

"పోయిన గురువారం లీలండ్ దాన్ని ఊడదీసి మళ్ళీ పెట్టాడు. నేను అక్కడే ఉన్నాను. నాతో నాటకాలాడకు మైలో, నాకు ఓపిక లేదు."

మైలో సాలు వంకే చూస్తూ చాలా దూరం పోనిచ్చాడు. తర్వాత యంత్రాన్ని ఆపి, సీటు కింద పనిముట్ల డబ్బా తెరిచి, ఒక ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టాడు. నారింజరంగే. సగం వాడి ఉంది.

"ఏప్రిల్లో కొన్నాను" అన్నాడు. "మొదటిసారి బ్రేకు గొట్టం దగ్గర దొరికింది. సరే, ఎవరికైనా అవుతుంది అనుకున్నా. వాడు చూడకుండా బిగించేశా. బిగిస్తే గీత తెగింది. తెగిన గీత చూస్తే వాడికి తెలిసిపోతుందని గీకి, మళ్ళీ గీశాను. వాడిలాగే కొంచెం ఏటవాలుగా. వారం తిరక్కుండా ఇంకోటి దొరికింది. అప్పట్నుంచి వాడు మధ్యాహ్నం కునుకు తీయడానికి ఇంటికెళ్ళినప్పుడల్లా పానా వేసుకుని చుట్టూ తిరగడమే నా పని."

"ఇంకా దొరికాయా?"

మైలో ఆమె చేతిలో ఉన్న ట్యూబు ఖాళీ సగాన్ని వేలితో నొక్కి చూపించాడు. అదే జవాబు.

"వారం నుంచీ కోతల వల్ల రాలేకపోయాను" అన్నాడు చివరికి. "ఆ ఒక్కటీ కారింది."

లవాన్ అతని భుజం మీద పిడికిలితో గట్టిగా కొట్టింది. ఇంకోసారి కొట్టింది. "నాకెందుకు చెప్పలేదు? నేను ఆదివారం చెయ్యి ఊపి నా మొగుణ్ణి చావుకి పంపేదాన్ని! నువ్వు పక్కనే నిలబడి ఊరుకునేవాడివా?"

"శనివారం అన్నీ ఇంకోసారి చూసి పంపేవాణ్ణి."

"చూసి? ఒకటి నీకూ కనబడకపోతే?"

"ఏమని చెప్పమంటావు లవాన్? ఏమని?" మైలో గొంతు పెరిగింది. "నట్టు మర్చిపోయాడని చెప్పనా? వాడు నట్టు మర్చిపోవడం లేదు. బిగించానని నమ్ముతున్నాడు. నిజంగా నమ్మి గీస్తున్నాడు. ఆ మాట నా నోటితో నీకు చెప్పడానికి నాకు ధైర్యం లేకపోయింది. ఇంకా ఒక్క వేసవి గడిచిపోతే చాలు, ఒక్కసారి ఎగిరితే చాలు, తర్వాత చూసుకుందాం అనుకుంటూ వచ్చాను. బుద్ధి తక్కువే. కొట్టు, ఇంకా కొట్టు."

లవాన్ కొట్టలేదు. ఆ ఇరుకు సీట్లో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఏడ్చింది. ఎదురుగా అద్దం మీద మొక్కజొన్న పొట్టు వచ్చి అంటుకుంటుంటే మైలో దాన్ని తుడిచే మీట వేశాడు, మళ్ళీ ఆపాడు.

"నేను నా కళ్ళతో చూడాలి" అంది ఆమె.

* * *

లీలండ్ ఆ గొట్టాన్ని ఉంచుకోనన్నాడు. ఒకసారి కారిందాన్ని నమ్మడట, కొత్తది చేస్తాడట. శుక్రవారం పొద్దున్నే గొట్టం చుట్ట బల్ల మీద పరిచాడు. లవాన్ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. చూడ్డానికే వచ్చింది, చూస్తోంది.

చూస్తున్నకొద్దీ ఆమెకి ఆశ పుట్టింది. ఎందుకంటే అతని చేతులు అలా పని చేస్తున్నాయి. గొట్టం కోసే చోట చుట్టూ టేపు చుట్టి, సన్నపళ్ళ రంపంతో అడ్డంగా, పీచు లేవకుండా కోశాడు. గాలి కొట్టి లోపలి పొడి ఊదేశాడు. గొట్టం కొనలోకి ఎక్కే ఇత్తడి ముక్కకి నూనె రాసి, కొంచెం తిప్పుతూ కొంచెం ఆగుతూ ఎక్కించాడు. రెండో కొన కూడా అయ్యాక గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి లోపలికి చూశాడు.

"ఇలా చూడు" అని ఆమెకిచ్చాడు. "ముక్క ఎక్కేటప్పుడు లోపలి రబ్బరుని చెక్కేస్తే నాలుకలా ఒక పొర లేస్తుంది. పైకి ఏమీ కనపడదు. గాల్లో ఉండగా ఆ నాలుక అడ్డం పడి పెట్రోలు ఆగిపోతుంది. గుండ్రంగా కనపడుతోందా?"

"గుండ్రంగానే ఉంది."

"అదీ!"

తొడుగు వేశాడు. రెండు కొనలూ మూసి, లోపల గాలి పట్టించి, నీళ్ళలో ముంచి, బుడగ రాదని చూపించాడు. నట్టు మరకి టేపు చుట్టనివ్వడు. "చుడితే ఆ పీలికలు ఊడి కార్బురేటరులోకి పోతాయి. ఇక్కడ కారకుండా ఆపేది టేపు కాదు, లోహానికి లోహం ఆనడం" అని ఎన్నోసారో చెప్పాడు. గొట్టం మెలిక పడకుండా ఒక పానాతో వెనక ముక్కని పట్టి ఉంచమని ఆమెకిచ్చి, నట్టుని వేళ్ళతో తిప్పి ఆనించాడు. రెండో పానా అందుకున్నాడు.

ఫోను మోగింది.

తనిఖీకి రాబోయే బెవర్లీ. రేపు పొద్దున్న రావడం ఖాయమేనా అని అడుగుతోంది. లీలండ్ పానా బల్ల మీద పెట్టి ఫోనుతో గుమ్మందాకా వెళ్ళాడు. దారి చెప్పాడు, జోకేశాడు, నవ్వాడు. "మా ఆవిడ దాల్చినచెక్క రొట్టెలు చేస్తుంది, ఖాళీ కడుపుతో రండి" అన్నాడు. లవాన్ వెనక ముక్కని పట్టుకుని కదలకుండా అలాగే నిలబడింది. దేవుడా, పానా తీసుకునేలా చూడు, ఇంకేం అడగను అనుకుంది.

లీలండ్ తిరిగొచ్చాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఎడమ జేబులోంచి ట్యూబు తీసి, మూత తిప్పి, వంగి, చెయ్యి వణక్కుండా ఒక్క లాగులో గీత గీశాడు. తిన్నగా, అందంగా వచ్చింది.

"అయిపోయింది" అన్నాడు.

లవాన్ వెనక ముక్కని ఇంకా వదల్లేదు. ఒక్క మాటన్నా చెప్పకుండా ఇలాగే ఇంటికి వెళ్ళిపోయి, తనే తర్వాత వచ్చి బిగించేసుకుంటే ఏం? మైలో చేసిన పనే తనూ చేస్తే ఏం? ఎవరికి నష్టం? ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఆమె కూడా మనిషే కదా.

"దాని మీద ఒకసారి పానా వెయ్యి" అంది.

"వేశాగా."

"ఒకసారి వెయ్యి, లీలండ్."

"ఇదేమిటి, నాకు పరీక్షా? పదకొండేళ్ళ తర్వాత నా పని నువ్వు చూస్తావా? మైలోగాడు చేసిన వెధవపనికి నన్ను నిలదీస్తావేం?"

"నీకు దణ్ణం పెడతాను, వెయ్యి."

ఆమె ముఖం చూసి అతను పానా అందుకున్నాడు. కోపంగా నట్టుకి తగిలించి లాగాడు. తగలాల్సిన బిగువు తగల్లేదు. గీత చటుక్కున తెగింది. పానా ఒక చుట్టులో మూడోవంతు హాయిగా తిరిగి అప్పుడు ఆగింది.

అతను పానా తీసి, తెగిన గీత మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"ఫోను వచ్చింది" అన్నాడు.

"అవును. ఫోను వల్లే" అంది లవాన్ వెంటనే.

"పోయిన గురువారం కూడా ఫోను వచ్చిందా?"

"గురువారం నేను భోజనానికి పిలిచాను. నాదే తప్పు."

లీలండ్ తన జేబు తడుముకున్నాడు. ట్యూబు చేతిలోనే ఉందని చూసుకున్నాడు. "ఇది మైలో దగ్గరికి ఎలా వెళ్తుంది? వెళ్ళదు" అని తనలో తనే అనుకున్నట్టు అన్నాడు. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. "ఎప్పట్నించి?"

లవాన్ చెప్పింది. ఏప్రిల్ నుంచీ మైలో చేసినదంతా చెప్పింది. చెప్తూ ఏడ్చింది. లీలండ్ ఏడవలేదు. పాఠం అప్పజెప్పే పిల్లవాణ్ణి విన్నట్టు తల వంచుకుని విన్నాడు. అంతా అయ్యాక ఒకే మాటన్నాడు.

"వాణ్ణి కుక్క అన్నాను."

* * *

శనివారం పొద్దున్న లీలండ్ ఈల వేసుకుంటూ గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. రొట్టెలు ఎన్ని పెట్టావని అడిగాడు. నిన్నటి మాట ఎత్తలేదు. అతను ఎత్తకుండా ఊరుకున్నాడా, అసలు గుర్తే లేదా అన్నది లవాన్‌కి అంతుబట్టలేదు. అడగడానికి భయం. అడక్కపోతే ఇంకా భయం. కారులో కూర్చున్నాక, "లీలండ్, నిన్న..." అని మొదలుపెట్టింది. "ఆ కోత చూడు, మైలోవాళ్ళ తూర్పు చెక్క అయిపోవచ్చింది" అన్నాడు అతను. ఆమె ఇక నోరెత్తలేదు. బెవర్లీని పక్కకి పిలిచి తనే చెప్పేయాలని దారిలో నిశ్చయించుకుంది. మొగుడి పరువు తీసిన ఆడదని ఊరంతా అన్నా సరే అనుకుంది. ఆ పాపం తనకి జన్మలో పోదని కూడా అనుకుంది.

బెవర్లీ యాభై దాటిన మనిషి. రొట్టె వద్దని, ముందు పని అని, ఇంజను మూత తీయించింది. టార్చిలైటు వేసి పై నుంచి కింద దాకా మెల్లగా చూసుకుంటూ వెళ్ళింది. గొట్టాలు ఎక్కడ వంగాయో, పొగ గొట్టానికి ఎంత ఎడంగా ఉన్నాయో, పట్టీలు ఎక్కడున్నాయో అన్నీ చూసింది. లీలండ్ ఆమె వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత శుభ్రంగా చేశారండీ! ఈ గీతలన్నీ మీరే గీశారా?" అంది.

లవాన్ ఒక అడుగు ముందుకేసింది. "బెవర్లీ గారూ, మీతో ఒక్క..."

"ఆగు లవాన్" అన్నాడు లీలండ్. ఆమె ఆగింది.

"నేనే గీశానండీ" అన్నాడు. "వాటిని మీరు నమ్మకండి. ఏది బిగించి గీశానో, ఏది బిగించకుండా గీశానో నేను చెప్పలేను. నాకు తెలియడం లేదు. ఈ మధ్య నాకు అలా అవుతోంది. మొన్న ఒకటి కారింది. నేను చేసినదానికి ఇంకొకణ్ణి నలుగురిలో తిట్టి వెళ్ళగొట్టాను."

గొంతు ఎక్కడా తొణకలేదు. చెప్పి పూర్తిచేసి, చొక్కా కింది అంచుని లాగి సరిచేసుకున్నాడు. రాత్రంతా ఈ నాలుగు మాటలే కూర్చుకుంటూ పడుకున్నాడనీ, పొద్దున్న మర్చిపోకుండా ఉండాలనే ఇంకే మాటా మాట్లాడలేదనీ లవాన్‌కి అప్పుడు అర్థమైంది. ఆమె వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

బెవర్లీ టార్చిలైటు ఆర్పింది. "మీరు చెప్పకపోతే ఇవాళ నేను సంతకం పెట్టేదాన్ని" అంది. దాన్ని సంచీలో పెడుతూ, "అన్నీ విప్పి, ఒక్కోటీ ఇంకెవరైనా మళ్ళీ బిగించాలి. అయ్యాక పిలవండి, వస్తాను. కానీ మీరు నడపడం..."

"లేదండీ. నేను నడపను."

ఆ మాటతో పదకొండేళ్ళు అయిపోయాయి. బెవర్లీ కాగితాలు సర్దుకుని, రొట్టె ఒకటి కాగితంలో చుట్టించుకుని వెళ్ళింది.

లవాన్ ఫోను చేస్తే మైలో కోత మధ్యలో వదిలేసి వచ్చాడు. కనుబొమల మీద కూడా దుమ్ము. గుమ్మం బయటే ఆగిపోయాడు, లోపలికి రావద్దన్నారు కదా మరి. లీలండ్ అప్పటికే ఇంజను ముందు కూర్చుని, గుడ్డని రంగు కరిగించే అసిటోన్‌లో తడిపి, నారింజ గీతల్ని ఒక్కోటీ తుడిచేస్తున్నాడు. అతను తుడిచిన నట్టు మీద లవాన్ పానా వేస్తోంది.

"కదిలిందా?"

"లేదు."

"ఇది?"

"ఇదీ లేదు."

"లోపలికి తగలడరా, ఈగలొస్తున్నాయి" అన్నాడు లీలండ్, తల తిప్పకుండానే. మైలో లోపలికొచ్చి, బల్ల మీద ఉన్న తన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఎవరూ ఇవ్వలేదు, ఎవరినీ అడగలేదు. "నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెప్పాలి. క్లబ్బు వాళ్ళందర్నీ పిలుస్తాను" అన్నాడు లీలండ్.

"వద్దురా నాయనా. వాళ్ళొస్తే ఈ రొట్టెలు నాకు మిగలవు."

"మైలో, నిజం చెప్పు. వీటిల్లో నీ గీతలెన్ని?"

"నావేం లేవు. పానా వేసి చూశానంతే. అన్నీ నువ్వు బిగించినవే. ఏదో ఒకటీ అరా తప్ప."

"లవాన్, చూశావా? ముసలాడయ్యాడు గానీ వీడికి అబద్ధమాడ్డం రాలేదు" అన్నాడు లీలండ్. చేతిలో తడిగుడ్డని మడత మార్చాడు. "వసంతానికి అవుతుందేమో పని. మొదట నువ్వు ఎగరేయి."

"ఎగరేస్తాను. ఒక్కణ్ణే ఎగరాల్సిన పరీక్ష గంటలు పూర్తికాగానే పక్కసీట్లో నిన్ను కూర్చోబెట్టుకుంటాను."

"అప్పటికి ఇది నాదని నాకు గుర్తుంటుందంటావా?"

లవాన్ పానా నట్టు మీదే ఉండిపోయింది. మైలో దుమ్ము కొట్టుకున్న టోపీ తీసి, తొడ మీద దులిపాడు.

"గుర్తులేకపోతే నాకే లాభంరా" అన్నాడు. "ఎవడో మంచివాడు తన విమానంలో ఊరికే తిప్పుతున్నాడనుకుంటావు. దిగాక దణ్ణం పెట్టి పోతావు. అది పట్టుకోకు, ఇది ముట్టుకోకు అని ప్రాణం తీయకుండా ఉంటావు."

ముందు నవ్వింది లీలండే. భుజాలు ఎగిరేలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే అది వేరేగా మారిపోయింది. చేతిలో ఉన్నదేమిటో చూసుకోకుండా ఆ గుడ్డనే కళ్ళ దగ్గరికి తీసుకుపోయాడు.

"అయ్యో, దాంతోనా! కళ్ళు పోతాయి!" అని లవాన్ పానా వదిలేసి అతని మణికట్టు పట్టుకుంది. గుడ్డ లాగి అవతల పడేసింది. తన జాకెట్టు చేతి అంచుతో ముందు ఒక కన్ను, తర్వాత రెండోది తుడిచింది. అతను కళ్ళు మూసుకుని, చిన్నపిల్లాడిలా ముఖం పైకెత్తి, తుడవనిచ్చాడు.